ఒక్క జీడి పువ్వుకి ఎన్ని ఫోటోలు?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. మా ఉద్దానం జీడి పువ్వును బాగా దగ్గరగా తీసి, ఏ3 సైజులో ప్రింటు వేయించి ల్యాబ్ గోడకు పెట్టాలని ఎప్పటి నుంచో కోరిక. నా దగ్గర క్యానన్ 200డి, దాంతో వచ్చిన 18-55 లెన్స్, లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించే, కరెంటు కాంటాక్టులున్న ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. లెన్స్‌ను 55 దగ్గర పెట్టి, ట్యూబులన్నీ తగిలించి స్కేలును ఫోటో తీస్తే ఫ్రేము వెడల్పులో 22 మిల్లీమీటర్లు పట్టాయి. లెన్స్ కన్నం బాగా సన్నం చేసి ఎఫ్/22లో తీస్తే పువ్వంతా మసక. కన్నం పెద్దది చేసి ఎఫ్/5.6లో తీస్తే కేసరం ఒక్కటే బాగుంది, రేకలు పోయాయి. ఎవరో ఫోకస్ స్టాకింగ్ చెయ్యమన్నారు. పెరట్లో చెట్టు మీదే పదిహేను ఫోటోలు తీసి ఫోటోషాప్‌లో కలిపాను. పువ్వు మీద అడ్డంగా మసక చారలు పడ్డాయి. పొడుగు కేసరం చుట్టూ పొగలాంటి అంచు వచ్చింది. ఒక రేక రెండుగా కనిపిస్తోంది. "ఏటే పిల్లా, ఒక్క పువ్వుకి అన్ని ఫోటోలేటి?" అని మా అమ్మమ్మ అడుగుతోంది. కెమెరాను మరతో కొంచెం కొంచెంగా జరిపే ఫోకసింగ్ రైలు కొనక తప్పదా? ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మమ్మగారికి జవాబు చెప్పనివ్వండి. మీరు వెళ్లినంత దగ్గరకు వెళ్తే, లెన్స్ ఒకసారికి అర మిల్లీమీటరు మందాన్ని మాత్రమే స్పష్టంగా పట్టుకోగలదు. జీడి పువ్వు ఎంత చిన్నదైనా, ముందుకు పొడుచుకొచ్చిన కేసరం కొస నుంచి వెనక్కి వంగిన రేక చివరిదాకా పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే పువ్వులో పాతిక వంతుల్లో ఒక వంతు మాత్రమే ఒక్కో ఫోటోలో తేలుతుంది. అందుకే కెమెరాను కదపకుండా ఫోకస్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ పొరలు పొరలుగా తీసి, ప్రతి పొరలో స్పష్టంగా ఉన్న ముక్కను ఏరి ఒక్క బొమ్మగా కూర్చాలి. అన్ని ఫోటోలు అందుకు.

మీరు చెప్పిన మూడు లోపాలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. చారలు లెక్క తప్పడం వల్ల వచ్చాయి. రెండుగా కనిపించే రేక గాలి వల్ల. పొగ అంచు మాత్రం ఈ పద్ధతిలోనే ఉన్న చిక్కు, దానికి తీసేటప్పుడు కొంత, తర్వాత కొంత పని చెయ్యాలి. మూడింట్లో రెండు మీరు షట్టర్ నొక్కకముందే తేలిపోయేవి. స్టాకింగ్ అంటే సాఫ్ట్‌వేర్ పని అని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు అది ముప్పాతిక వంతు పువ్వు దగ్గరే అయిపోయే పని.

ఎఫ్/22 సంగతి మొదట తేల్చేద్దాం. మీ స్కేలు ఫోటో చాలా ఉపయోగపడింది. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. ఫ్రేములో స్కేలు 22 మి.మీ. పట్టిందంటే పువ్వు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతోంది, అంటే 1:1. ఈ కొలత దగ్గర కెమెరా తెర మీద ఎఫ్/22 అని కనిపించినా, లెన్స్ సెన్సర్‌కు అంత దూరం జరిగింది కాబట్టి జరిగే పని దాదాపు ఎఫ్/44ది. అంత సన్నని కన్నంలోంచి వచ్చే వెలుగు చుక్కగా నిలబడదు, పక్కలకు పరుచుకుంటుంది. ఎఫ్/44 దగ్గర ఆ పరుచుకున్న చుక్క వ్యాసం సుమారు 59 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ సెన్సర్ మీద ఒక పిక్సెల్ నాలుగు మైక్రాన్లు కూడా ఉండదు. పదిహేను పిక్సెళ్ల మేర మసక పరిచి పువ్వు మీద కప్పినట్టయింది. పోనీ అంత పోగొట్టుకున్నందుకు లోతైనా దక్కిందా అంటే, రెండు మిల్లీమీటర్లకు తక్కువే. పువ్వుకు కావలసింది పన్నెండు. కాబట్టి ఎఫ్/22 జోలికి మళ్లీ వెళ్లకండి. మీ లెన్స్‌కు 55 దగ్గర ఎఫ్/5.6 అంటే పూర్తిగా తెరిచినట్టే, అక్కడ అంచులు కాస్త మెత్తగా ఉంటాయి. ఎఫ్/8 పెట్టుకోండి.

ఇక చారలు. 1:1 దగ్గర ఎఫ్/5.6లో మీకు దక్కే స్పష్టమైన మందం సుమారు 0.45 మి.మీ. పన్నెండు మిల్లీమీటర్ల లోతును పదిహేను ఫోటోల్లో పంచారు, అంటే ఒక్కో అడుగు 0.8 మి.మీ. ప్రతి రెండు పొరల మధ్యా ఏ ఫోటోలోనూ స్పష్టంగా లేని సందు మిగిలిపోయింది. ఆ సందులే మీ చారలు. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు మీదికి ఇంకో పెంకు ఎక్కి కూర్చున్నట్టు, ప్రతి ఫోటో ముందుదాని మీదికి మూడో వంతయినా ఎక్కాలి. ఎక్కడ సందు వదిలితే అక్కడ కారుతుంది, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూడ్చలేదు.

ఈ లెక్కన 1:1 దగ్గర, ఎఫ్/8లో, మందం 0.64 మి.మీ. వస్తుంది. మూడో వంతు ఎక్కిస్తే అడుగు 0.4. పన్నెండు మిల్లీమీటర్లకు ముప్పై ఫోటోలు. చెయ్యగలరు, కానీ మొదటిసారే అక్కడికి వెళ్లొద్దని నా సలహా. ఒక ట్యూబు తీసేసి, ఫ్రేములో స్కేలు 45 మి.మీ. కనబడేలా సర్దుకోండి. అది సగం సైజు, 1:2. అక్కడ ఎఫ్/8లో మందం ఒక్కసారిగా 1.9 మి.మీ.కు పెరుగుతుంది. మీరు పెద్ద ప్రింటు వేయిస్తున్నారు, విద్యార్థులు దగ్గరికొచ్చి చూస్తారు. కాబట్టి ఆ అంకెను సగం చేసి, 0.95 అనుకుని, అడుగు 0.6 పెట్టుకోండి. ఇరవై ఫోటోలు సరిపోతాయి. ముందో మూడు, వెనకో మూడు అదనంగా తియ్యండి. ఎక్కువైనవి తర్వాత పారేయొచ్చు, తియ్యనిదాన్ని తెచ్చుకోలేం.

సగం సైజుకు రావడంలో ఇంకో లాభం ఉంది, అది వృక్షశాస్త్రం చెప్పే మీకు నాకంటే బాగా తెలుసు. జీడి పూగుత్తిలో మగ పువ్వులూ, ద్విలింగ పువ్వులూ కలిసి ఉంటాయి. 22 మిల్లీమీటర్ల ఫ్రేములో ఒక్క పువ్వే పడుతుంది. 45లో రెండు మూడు పువ్వులు, విచ్చని మొగ్గలు, అప్పుడే విచ్చిన తెల్లటి రేక, గులాబీ రంగు తిరిగిపోయిన పాత రేక అన్నీ పక్కపక్కనే వస్తాయి. గోడ మీద పెట్టే బొమ్మకు అదే ఎక్కువ పనికొస్తుంది. మీ కెమెరా ఇచ్చే 6000 పిక్సెళ్ల వెడల్పు ఏ3కి కత్తిరించకుండా వాడితే ఢోకా లేదు. ఒక పక్క నాలుగో వంతు కత్తిరించాల్సి వచ్చినా గోడ మీది బొమ్మకు నిలబడుతుంది.

మరి 0.6 మి.మీ. అడుగు వెయ్యడం ఎలా? రైలు కొనకండి, కనీసం ఇప్పుడే వద్దు. చవకగా దొరికే నాలుగు వైపుల రైళ్లలో మర లూజుగా ఉంటుంది, గుబ్బ తిప్పాక కెమెరా బరువుకు కాస్త వెనక్కి జారుతుంది. మీ దగ్గర ఉన్న సరుకుతోనే అంతకంటే నమ్మకమైన దారి ఒకటుంది. క్యానన్ వాళ్లు ఉచితంగా ఇచ్చే ఈఓఎస్ యుటిలిటీని ల్యాప్‌టాప్‌లో వేసుకుని కెమెరాను యూఎస్‌బీ తీగతో కలపండి. లైవ్ వ్యూ కిటికీలో ఫోకస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే బాణం గుర్తులుంటాయి, ఒక బాణం అంటే అతి చిన్న అడుగు, మూడు బాణాలంటే పెద్దది. లెన్స్ మీది మీట ఏఎఫ్ వైపే ఉండాలి, అప్పుడే మోటారు మాట వింటుంది. మీ ట్యూబులకు కాంటాక్టులున్నాయి కనుక ఇది పనిచేస్తుంది. అవి లేని చవక ట్యూబులతో ఈ దారి మూసుకుపోయేది. కెమెరాను చేత్తో ముట్టనక్కర లేదు, ఫోటో కూడా ల్యాప్‌టాప్ నుంచే తియ్యొచ్చు. వణుకు సగం అక్కడే పోతుంది.

ఒక చిన్న బాణానికి ఫోకస్ ఎంత జరుగుతుందో ముందు కొలవండి. ఒక స్టీలు స్కేలును లెన్స్‌కు ఎదురుగా 45 డిగ్రీల వాలుగా ఆనించి ఒక ఫోటో, పది నొక్కులు నొక్కి ఇంకో ఫోటో తియ్యండి. స్పష్టంగా ఉన్న గీత స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో చూసి, దాన్ని 0.7తో గుణిస్తే అసలు లోతు. పదితో భాగిస్తే ఒక నొక్కు విలువ. దీన్ని బట్టి ఒక్కో ఫోటోకు ఎన్ని నొక్కులో తేలుతుంది. ఆ అంకెను ట్రైపాడ్ కాలు మీద స్టిక్కరుగా అంటించుకోండి. లెన్స్‌ను 55 నుంచి కదిపినా, ట్యూబు మార్చినా అంకె మారిపోతుంది, మళ్లీ కొలవాలి. వెనక్కీ ముందుకీ ఊగిసలాడకుండా ఒకే వైపుకు జరపండి, దగ్గరి నుంచి దూరానికి.

ల్యాప్‌టాప్ తోటకు తీసుకెళ్లలేననుకుంటే, మీ కాలేజీలో ఇంకో వస్తువు ఉండే ఉంటుంది: వాడకంలోంచి తీసేసిన పాత మైక్రోస్కోపు. అద్దాలు బూజుపట్టినా ఫర్వాలేదు, మనకు కావలసింది దాని సన్న సర్దుబాటు మర. అధ్యాపకురాలు మీరే కనుక ప్రిన్సిపాల్ గారిని అడిగితే కాదనరనుకుంటాను. వేదిక పైకీ కిందికీ జరిగే రకమైతే దాని మీద చిన్న సీసాలో పువ్వును నిలబెట్టి, కెమెరాను పైనుంచి కిందికి చూసేలా బిగించండి. కెమెరా కదలదు, పువ్వే కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. ఆ మర ఎంత మెత్తగా, ఎంత ఖచ్చితంగా జరుగుతుందంటే డబ్బు పోసి కొన్న చాలా రైళ్లు దాని ముందు చాలవు. తర్వాతెప్పుడైనా మీరు 1:1 దాటి, ఒక్క పుప్పొడి తిత్తినే తియ్యాలనుకున్న రోజున లెన్స్ ఫోకస్‌ను జరపడం కన్నా ఇదే మంచి పద్ధతి.

కొత్త కెమెరాల్లో ఫోకస్ బ్రాకెటింగ్ అని ఈ పని తనంతట తానే చేసే ఏర్పాటు వస్తోంది. నికాన్‌లో డి850తో 2017లో, క్యానన్‌లో ఈఓఎస్ ఆర్‌పీతో 2019లో వచ్చింది. మీ 200డిలో లేదు. దాని కోసం కెమెరా మార్చనక్కర లేదు. ఆ ఏర్పాటున్న కెమెరాలోనూ అడుగు ఎంతుండాలో మనిషే చెప్పాలి, సందులు వదిలితే అక్కడా ఇవే చారలు.

ఇప్పుడు గాలి. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట "పెరట్లో చెట్టు మీదే" అన్నది. సముద్రం అంత దగ్గరున్న ఊళ్లో పొద్దెక్కాక చెట్టు మీది పువ్వును ఇరవై ఫోటోల సేపు కదలకుండా ఉంచడం ఎవరి తరమూ కాదు. 1:2 దగ్గర పువ్వు అర మిల్లీమీటరు ఊగితే సెన్సర్ మీద పావు మిల్లీమీటరు, అంటే అరవై పిక్సెళ్లకు పైనే. రెండుగా కనిపించిన రేక అదే. చెట్టు మీదే తియ్యాలనుకుంటే రోజులో ఒక్క సమయం ఉంది: రాత్రంతా నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి సద్దుమణిగి, సముద్రపు గాలి ఇంకా అందుకోని పొద్దుటి వేళ. పొద్దు పొడిచిన గంటా గంటన్నర. మాఘమాసంలో మంచు దిగి రేకల మీద చుక్కలు నిలుస్తాయి. బొమ్మకు అందమే, కానీ ఆ చుక్క తీస్తుండగానే జారితే స్టాక్ అంతా చెడుతుంది. పూగుత్తి కాడను ఒక వెదురు పుల్లకు బట్టల క్లిప్పుతో పట్టించి, ఆ పుల్లను నేలలో దిగేస్తే ఊపు చాలా వరకు తగ్గుతుంది. గాలొచ్చే వైపు గొడుగు అడ్డం పెట్టండి.

ఇంతకన్నా మంచిది లోపలికి తెచ్చుకోవడం. అయితే ఒక మాట. పెరట్లోది మీ చెట్టే అయితే సరే, పక్క తోటలోది అయితే రైతును అడక్కుండా పూగుత్తి తుంచకండి. ఒక్కో గుత్తీ రేపటి జీడిపిక్కలు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు ఉద్దానంలో జీడి, కొబ్బరి ఎలా నేలకొరిగాయో మీకు నేను చెప్పాల్సింది కాదు. మళ్లీ నాటి పెంచుకున్న చెట్టు పూత అది. అడిగితే ఆనందంగా ఇస్తారు, ఏ కొమ్మ తీసినా నష్టం లేదో వాళ్లే చూపిస్తారు.

తెంపిన కాడను వెంటనే నీళ్లలో పెట్టి, అరగంట వదిలెయ్యండి. తెంపిన పువ్వు నీరు పీల్చుకుంటూ కంటికి తెలియనంత నెమ్మదిగా కదులుతుంది, కాడ వెలుగు వైపు తిరుగుతుంది. తొందరపడి మొదలెడితే మొదటి ఫోటోకూ ఇరవయ్యో ఫోటోకూ మధ్య రేక జరిగిపోతుంది. ఫ్యాను కట్టెయ్యండి, తలుపు మూసెయ్యండి. బల్ల మీద కాకుండా గచ్చు నేల మీదే సీసా, ట్రైపాడ్ పెట్టుకుని మీరూ కింద కూర్చోండి, లేచి నడవకండి. ఇల్లు రైలుకట్టకు దగ్గరైతే గూడ్సు బండి వెళ్లేదాకా ఆగండి. మీ వైపు హౌరా, చెన్నై లైన్లో బండ్లకు కొదవ లేదు, ఆ అదురు 1:1 దగ్గర స్పష్టంగా బొమ్మలో పడుతుంది. లెన్స్‌లో వణుకు ఆపే మీట ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు ఆఫ్‌లో ఉండాలి.

వెలుగు ఇరవై ఫోటోలకూ ఒక్కలాగే ఉండాలి. కిటికీ వెలుగు అందంగా ఉంటుంది కానీ మబ్బు ఒకటి అడ్డొస్తే సగం స్టాక్ చీకటి, సగం వెలుగు. బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ దీపం ఒకటి రెండు ఉంటే అవే వాడండి. ఓల్టేజీ ఎగుడుదిగుడులతో వాటికి పని లేదు. ట్యూబులైటు వాడక తప్పకపోతే షట్టర్‌ను సెకనులో యాభయ్యో వంతు కన్నా నెమ్మదిగా ఉంచండి, లేకపోతే కరెంటు తరంగానికి దీపం మినుకుమనడం ఫోటోల్లో హెచ్చుతగ్గులుగా పడుతుంది. దీపానికీ పువ్వుకీ మధ్య ఒక పల్చటి తెల్ల పంచె కట్టండి. పొందూరు ఖద్దరు ఉంటే ఇంకా మెత్తటి వెలుగొస్తుంది, కాకపోతే చలవ చెయ్యని ఖద్దరుకు మీగడ రంగు ఉంటుంది కనుక ముందు ఒక తెల్ల కాగితాన్ని తీసి వైట్ బ్యాలెన్స్ దాని మీద కుదుర్చుకోండి. ఆ తర్వాత కెమెరాలో ఏదీ ఆటోలో ఉండకూడదు: మోడ్ మాన్యువల్, ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్ స్థిరం, వెలుగును తనే సర్దే ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ ఆఫ్, ఫైలు రకం రా (RAW). పువ్వు చుట్టూ పదో వంతు ఖాళీ వదలండి. ఫోకస్ జరిగేకొద్దీ బొమ్మ సైజు కొంచెం మారుతుంది, సాఫ్ట్‌వేర్ వాటిని ఒకదాని మీద ఒకటి సరిపెట్టేటప్పుడు అంచులు పోతాయి.

ఇక పొగ అంచు. జీడి పువ్వులో ఒక కేసరం మిగతావాటికన్నా బాగా పొడుగ్గా ముందుకొచ్చి ఉంటుంది. వెనక రేక మీద ఫోకస్ పెట్టిన ఫోటోల్లో ఆ కేసరం మసకబారి, ఉన్న వెడల్పుకు అయిదారింతలు లావుగా పరుచుకుని, తన పక్కనున్న రేకను కప్పేస్తుంది. కేసరం మీద ఫోకస్ పెట్టిన ఫోటోలో రేక మసక. అంటే కేసరాన్ని ఆనుకుని కనిపించే ఆ సన్నని రేక భాగం ఏ ఒక్క ఫోటోలోనూ స్పష్టంగా లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తెస్తుంది? అది రెండు మసకల్లో ఒకటి ఎంచుకుంటుంది, అదే మీకు పొగలా కనిపిస్తోంది. అందుకే కోణం ముఖ్యం. పువ్వును కొద్దిగా పక్కకు తిప్పి, కేసరం రేక మీద కాకుండా వెనకున్న ఖాళీ మీద పడేలా చూడండి. వెనకో మూరెడు దూరంలో ఒకే రంగు బట్ట, ముదురు ఆకుపచ్చో బూడిద రంగో, ఉంచితే ఆ అంచు కనిపించకుండా కలిసిపోతుంది. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8కి రావడం వల్ల కూడా ఆ లావు తగ్గుతుంది. వెనక పూల దగ్గర స్టాక్ ఆపెయ్యండి. గుత్తి మొత్తం చివరిదాకా స్పష్టంగా ఉండాలనుకోకండి. కంటికి ఎక్కడ చూడాలో చెప్పేది ఆ మెత్తదనమే.

సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా. ఫోటోషాప్‌లో అన్ని పొరలూ ఎంచుకుని ఆటో అలైన్, ఆ తర్వాత ఆటో బ్లెండ్‌లో స్టాక్ ఇమేజెస్. నునుపైన రేకలకు చాలు, దాటుకుంటూ పోయే సన్న కేసరాల దగ్గర తడబడుతుంది. జీరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ ఇందుకే పుట్టినవి, రెండూ డబ్బు పెట్టాల్సినవే అయినా కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడొచ్చు. జీరీన్‌లో రెండు పద్ధతులున్నాయి. పీమ్యాక్స్ వెంట్రుకలను, కేసరాలను చక్కగా పడుతుంది కానీ గరుకు పెంచుతుంది, రంగు కాస్త ముదురుతుంది. డీమ్యాప్ రేక రంగును, నునుపును ఉన్నదున్నట్టు ఉంచుతుంది కానీ అంచుల దగ్గర పొగ తెస్తుంది. రెండూ చేయించి, డీమ్యాప్ బొమ్మ మీద కేసరాల చోట మాత్రం పీమ్యాక్స్ బొమ్మను బ్రష్‌తో దిద్దండి. జీడి పువ్వుకు ఇదే సరైన దారి. డబ్బు పెట్టకుండా అయితే హ్యూగిన్‌తో వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్, ఎన్‌ఫ్యూజ్ ఉన్నాయి. ఎన్‌ఫ్యూజ్‌లో ఎక్స్‌పోజర్, శాచురేషన్ బరువులు సున్నా చేసి, కాంట్రాస్ట్ బరువు ఒకటి పెట్టి, హార్డ్ మాస్క్ ఎంచుకోవాలి. ఏది వాడినా, రా ఫైళ్లను అన్నిటికీ ఒకే సెట్టింగులతో 16 బిట్ టిఫ్‌గా మార్చి ఇవ్వండి, షార్పెనింగ్ మాత్రం కలిపాకే. ముందే చేస్తే పొగ అంచులు ఇంకా పెరుగుతాయి.

జీడి పువ్వు దగ్గరకు మళ్లీ వెళ్లే ముందు ఒక వారం జిల్లేడు మీద చెయ్యి సాధన చెయ్యమంటాను. రథసప్తమికి తల మీద ఆకులు పెట్టుకుని స్నానం చేసే ఆ జిల్లేడే, మీ ఇసుక నేలల్లో రోడ్డు పక్కన ఏడాది పొడుగునా పూస్తుంది. రేకలు మైనంలా గట్టిగా ఉంటాయి, కోసిన కొన్ని గంటలైనా వాడవు. నడుమ లేచిన కిరీటం, దాని పైన అయిదు కోణాల కుదురు, ఎక్కడ ఫోకస్ ఉందో ఇట్టే తెలిసే అంచులు. 1:2 ఫ్రేములో పువ్వు మొత్తం సరిగ్గా ఇముడుతుంది. కోసేటప్పుడు కారే పాలు మాత్రం కంటికి చాలా ప్రమాదం. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వ్యూఫైండర్ దగ్గర కన్ను పెట్టండి, లెన్స్ మీదా పడనివ్వకండి. ఆ తర్వాత తుమ్మి పువ్వు, గడ్డి చామంతి ప్రయత్నించొచ్చు. అత్తిపత్తి పువ్వు ఎంత ముద్దొచ్చినా ఇప్పుడే వద్దు. దాని గులాబీ పోగులన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, పైన చెప్పిన పొగ చిక్కు ప్రతి పోగు దగ్గరా ఎదురవుతుంది. గోగు పువ్వుకు పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దాని నడుమ ముదురు ఎరుపు మీద లేత పసుపు కేసరాల స్తంభం ఒకసారి స్టాక్ చేసి చూడండి, మీ విద్యార్థులు వదలరు.

పాఠానికి వాడే బొమ్మ కనుక ఒక్క కోరిక. స్టాక్ మొదలెట్టే ముందు పువ్వు ఉన్న చోటే స్కేలు పెట్టి ఒక ఫోటో తీసి ఉంచుకుని, ప్రింటులో ఒక మూల 5 మి.మీ. గీత వెయ్యండి. కింద ఎన్ని ఫోటోలు కలిపిందో రాయండి. కంటితో గాని, భూతద్దంతో గాని పువ్వు ఒక్కసారిగా అలా కనిపించదని పిల్లలకు తెలియాలి.

ఈసారి నాకు పంపేటప్పుడు కలిపిన బొమ్మ ఒక్కటే పంపకండి. ఆ స్కేలు ఫోటో, స్టాక్‌లో మొదటిది, నడిమిది, చివరిది విడిగా జత చెయ్యండి, ఒక్కో ఫోటోకు ఎన్ని నొక్కులు జరిపారో రాయండి. చార మళ్లీ వస్తే అది ఏ ఫోటోల మధ్య పడిందో వాటిని చూసి చెప్పగలను. మీ అమ్మమ్మగారికి నమస్కారాలు.